మనవాళ్లకు టాప్ కుట్టడం: టేపు పట్టిన దగ్గర్నుంచి ఆఖరి మడత దాకా

కుట్టిన టాప్ బీరువాలోంచి బయటికి రాకపోతే, తప్పు కుట్టులో ఉండటం అరుదు. చంక దగ్గర పట్టేస్తుంది, మెడ ఒక పక్కకు జారుతుంది, కూర్చుంటే తొడల దగ్గర లాగుతుంది. ఇవేవీ వాళ్లు మనతో చెప్పరు. దుకాణంలో కొన్నదైతే "బాగాలేదు" అని మార్చుకొస్తారు. మనం రెండు రాత్రులు కూర్చుని కుట్టిందైతే "చాలా బాగుంది" అని ఒక్కసారి వేసుకుని మడత పెట్టేస్తారు. అందుకే మనవాళ్లకు కుట్టేటప్పుడు వాళ్ల నోటి మాట లెక్కలోకి రాదు. టేపు ఏం చెబుతోంది, బట్టలో పడే ముడత ఏం చెబుతోంది, వాళ్ల చేతులు మాటిమాటికీ ఎక్కడికి పోతున్నాయి, ఇవే చూడాలి.

ఇక్కడ తీసుకున్నది సాగని నేత బట్టతో కుట్టే టాప్. ముందు భాగంలో పక్క డాట్లు (ఛాతీ దగ్గర చోటు కోసం కుట్టే కోసు మడతలు), మోచేతి పైదాకా చేతులు, జిప్పు లేకుండా తల మీంచి వేసుకునే మెడ, మోకాలి దాకా పొడవు. ఇది కుదిరితే గౌను, చొక్కా లాంటివి కూడా ఇదే దారిలో వస్తాయి. టీషర్టులా సాగే బట్టకు లెక్కలు వేరు. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

టేపు కంటే ముందు బీరువా

వాళ్లు పదేపదే వేసుకుని వెలిసిపోయిన టాప్ ఒకటి ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోండి. బల్ల మీద పరిచి చంకకు ఒక అంగుళం కింద వెడల్పు, సీటు (పిరుదులు) దగ్గర వెడల్పు, మెడ లోతు, మెడ వెడల్పు, చేతి పొడవు, చేతి మూతి, మొత్తం పొడవు రాసుకోండి. మెడ ఎంత లోతు దాకా వాళ్లకు ఇబ్బంది లేదు, చేయి ఎక్కడ ఆగితే ఇష్టం, ఎంత వదులు కావాలి అన్నవన్నీ ఆ పాత టాప్‌లోనే ఉంటాయి. అసలు వేసుకోని టాప్ కూడా ఒకటి చూడండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎక్కువగా మెడ వెడల్పులోనో చంక లోతులోనో బయటపడుతుంది.

చెప్పకుండా కుట్టి ఇవ్వాలనుకుంటే ఈ పాత టాపే దిక్కు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. పరిచి కొలిచిన వెడల్పును రెట్టింపు చేస్తే వచ్చేది ఒంటి కొలత కాదు, తయారైన బట్ట కొలత. అందులో లూజు (ఒంటి కొలత మీద అదనంగా వదిలే వదులు) ముందే ఉంది. దానికి మళ్లీ మూడు అంగుళాలు కలిపితే గోనెసంచి తయారవుతుంది. నిజానికి మొదటిసారి కుట్టేటప్పుడు ఆశ్చర్యపరచాలన్న ఆశ వదులుకుంటేనే మంచిది. ట్రయల్ లేకుండా ఒంటికి కుదిరేది అదృష్టం కొద్దీ మాత్రమే.

కొలతలు

రోజూ వేసుకునే లోదుస్తుల మీద, పల్చటి బనియన్‌తో నిలబడమనండి. నడుముకు ఒక నాడా కట్టి రెండు పక్కలకూ వంగమంటే అది అసలు నడుము ఎక్కడుందో అక్కడికి చేరి ఆగుతుంది. ఆ నాడాను కొలతలన్నీ అయ్యేదాకా విప్పొద్దు.

కావలసినవి ఇవి: పై ఛాతీ (చంకల కిందుగా, రొమ్ముకు పైన), నిండు ఛాతీ, నడుము, సీటు, భుజం నుంచి భుజం, వీపు మీద ఒక చంక మడత నుంచి రెండో చంక మడతకు, మెడ పక్క నుంచి రొమ్ము మొన దాకా, రెండు మొనల మధ్య దూరం, మెడ పక్క నుంచి నడుముకు ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి, పై చేయి చుట్టు, తల చుట్టు, మొత్తం పొడవు. ఇవన్నీ అయ్యాక కుర్చీలో కూర్చోబెట్టి సీటు చుట్టు మళ్లీ కొలవండి. నిలబడ్డప్పటి కంటే ఎక్కువ వస్తుంది. చీలికలు లేని టాప్‌కు ఆ రెండో కొలతే ఆధారం.

టేపు కింద రెండు వేళ్లు పెట్టి వదులుగా కొలిచే అలవాటు చాలామందికి ఉంటుంది. అది మానాలి. కొలిచేటప్పుడు కొంత, గీసేటప్పుడు కొంత కలిపితే లూజు రెండుసార్లు పడుతుంది. టేపు ఒంటిని తాకుతూ, నొక్కకుండా ఉండాలి. వీపు వైపు కిందికి జారకుండా అద్దంలో చూసుకోండి. గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది. ఏడాదికోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి.

ఇంకొకటి. కొలత పైకి చదవకండి, మౌనంగా రాసుకోండి. "నలభై రెండా!" అన్న ఒక్క మాట చాలు, కొత్త బట్ట మీద వాళ్లకున్న ముచ్చట అక్కడే చచ్చిపోతుంది. పొట్ట లోపలికి పీల్చుకుంటున్నారనిపిస్తే ఏదో ఒక కబురు అడగండి. మాట్లాడేటప్పుడు ఊపిరి వదలక తప్పదు.

ఒంటి కొలతకు కలపాల్సిన లూజు సాగని బట్టకు సుమారు ఇలా ఉంటుంది: ఛాతీకి 3 అంగుళాలు, నడుముకు 3 నుంచి 4, సీటుకు 2.5 నుంచి 3, పై చేయికి 2. బిగుతుగా ఇష్టపడేవాళ్లకు ఛాతీ దగ్గర 2 దాకా తగ్గించవచ్చు, అంతకంటే తగ్గితే చేయి ఎత్తడం కష్టం.

బట్ట

రంగు చూడాల్సింది బల్ల మీద కాదు, ముఖం కింద. పగటి వెలుగులో, కిటికీ దగ్గర, బట్టను వాళ్ల భుజం మీదుగా వేసి అద్దం ముందు నిలబెట్టండి. మనకు ముందుగా బట్ట కనిపిస్తే ఆ రంగు వద్దు. ముఖం కనిపిస్తే తీసుకోండి. మరీ నచ్చిన రంగు ముఖానికి నప్పకపోతే దాన్ని చేతి అంచుకో కింది పట్టీకో వాడి, మెడ దగ్గర వేరే రంగు పెట్టొచ్చు.

తర్వాత పిడికిట్లో పది అంకెలు లెక్కపెట్టేదాకా నలిపి వదలండి. ముడత అలాగే నిలిచిపోతే ఆ టాప్ కూర్చుని లేచిన ప్రతిసారీ అలాగే ఉంటుంది. ఒక మూలను మెడ వెనక భాగానికి నిమిషం సేపు రాసి చూడమనండి. గరుకు అక్కడ తెలిసినంతగా అరచేతికి తెలియదు. వెలుతురుకు ఎదురుగా పట్టి మీ వేళ్లు కనిపిస్తే లైనింగ్ తప్పదని అర్థం.

మొదటి టాప్‌కు మధ్యరకం మందం ఉన్న కాటన్ మంచిది. సూది కింద జారదు, ఇస్త్రీకి లొంగుతుంది, కుట్టు విప్పితే రంధ్రాలు మిగలవు. జారుడు బట్టలు ఒంటి మీద అందంగా పడతాయి గానీ కత్తెర కిందే మెలికలు తిరుగుతాయి. అవి మూడో టాప్‌కో నాలుగో టాప్‌కో ఉంచుకోండి.

ఎంత బట్ట కావాలో ఊహించకుండా లెక్క వేయండి. సీటు 40 అంగుళాలు, పొడవు 42, బట్ట పన్నా (వెడల్పు) 44 అనుకుందాం. సీటుకు 3 లూజు కలిపితే 43. అందులో సగం ముందు భాగానికి, అంటే 21.5. రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ (కుట్టుకు అవతల వదిలే బట్ట) కలిపితే 23.5. ముందు, వెనక భాగాలు పక్కపక్కన పెడితే 47 కావాలి, పన్నా 44 మాత్రమే. కాబట్టి రెండు పొడవులు తీసుకోవాలి: 84 అంగుళాలు, భుజాల మార్జిన్లకు, కింది మడతలకు కలిపి ఇంకో 4, మొత్తం 88. ఉతికితే నూటికి 4 వంతులు తగ్గుతుందనుకుంటే 92 దాకా. 2.5 మీటర్లంటే సుమారు 98 అంగుళాలు, సరిపోతుంది. పక్కన మిగిలే 20 అంగుళాల వెడల్పులో చేతులు, క్రాస్ పట్టీలు (పోగుకు ఏటవాలుగా కత్తిరించిన పట్టీలు), జేబులు అన్నీ వచ్చేస్తాయి. ఒకే దిక్కుకు తిరిగిన పువ్వులో, గీతలు కలపాల్సిన చారలో ఉంటే అర మీటరు అదనంగా తీసుకోండి.

కత్తిరించే ముందు బట్టను వాళ్లు ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. మిషన్‌లో వేసేవాళ్లయితే మిషన్‌లో, చేత్తో అయితే చేత్తో. నూటికి 4 వంతులు తగ్గడమంటే 42 అంగుళాల పొడవులో ఒకటిన్నర అంగుళం పైనే పోతుంది. రేయాన్ అంతకంటే ఎక్కువ కూడా ముడుచుకోగలదు. ముదురు రంగు దిగుతుందేమో తడిపినప్పుడే తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. లైనింగ్‌ను కూడా తడపడం మరిచిపోతే మొదటి ఉతుకులో లైనింగ్ ముడుచుకుని పైబట్ట సంచిలా వేలాడుతుంది.

పేపరు కటింగ్, ఛాతీ దగ్గర చోటు

పేపరు కటింగ్ (బట్ట కత్తిరించడానికి కాగితం మీద గీసే నమూనా) మీరే గీసుకున్నా, తయారుగా దొరికేది తెచ్చుకున్నా, సైజు ఎంచుకోవాల్సింది నిండు ఛాతీని బట్టి కాదు, పై ఛాతీని బట్టి. ఎక్కువమందికి టాప్ కుదరకపోవడానికి ఇదే మూలం. నిండు ఛాతీకి సరిపోయే సైజు తీసుకుంటే ఛాతీ దగ్గర బాగానే ఉంటుంది గానీ భుజాలు జారిపోతాయి, మెడ తెరుచుకుంటుంది. భుజమూ మెడా సరిపోయే సైజు తీసుకుని ఛాతీ దగ్గర చోటు పెంచడమే సరైన దారి. దీనిమీద కాస్త సేపు ఆగుదాం.

మామూలు పేపరు కటింగ్‌లు నిండు ఛాతీకి, పై ఛాతీకి 2 అంగుళాల తేడా ఉంటుందనుకుని గీస్తారు. మీరు కుట్టేవాళ్లకు పై ఛాతీ 35, నిండు ఛాతీ 39 ఉంటే తేడా 4. అంటే 2 అంగుళాలు తక్కువ పడుతుంది. ముందు భాగం పేపరు మీద ఉండేది సగమే కాబట్టి అక్కడ ఒక అంగుళం పెంచాలి. పద్ధతి ఇది:

1. పేపరు మీద రొమ్ము మొన గుర్తు పెట్టండి. మెడ పక్క నుంచి కిందికి, మధ్య గీత నుంచి పక్కకు, మీరు తీసుకున్న రెండు కొలతలు కలిసే చోటు అది. (మధ్య గీత నుంచి దూరం, రెండు మొనల మధ్య దూరంలో సగం.)
2. కింది అంచు నుంచి మొన దాకా మధ్య గీతకు సమాంతరంగా ఒక గీత. మొన నుంచి చంక రౌండులో కిందనుంచి మూడో వంతు దగ్గరికి ఇంకో గీత. పక్క కుట్టు నుంచి డాట్ మధ్యగా మొన దాకా మూడో గీత.
3. మొదటి రెండు గీతలనూ ఒకే కోతగా కింది నుంచి చంక దాకా కత్తిరించండి. చంక అంచు దగ్గర గోరంత వదలండి, తలుపు బందులా పనిచేయాలి. మూడో గీతను పక్క నుంచి మొన దాకా కత్తిరించి, మొన దగ్గర కూడా గోరంత వదలండి.
4. పక్క ముక్కను బయటికి జరపండి. మొన దగ్గర సందు సరిగ్గా ఒక అంగుళం రావాలి, మొన నుంచి కింది దాకా ఆ సందు ఒకే వెడల్పు ఉండాలి. ఇలా జరిపేసరికి డాట్ దానంతటదే వెడల్పవుతుంది.
5. పక్క ముక్క కింది అంచు మధ్య ముక్క కంటే దిగువకు వచ్చి ఉంటుంది. మధ్య ముక్కను మొనకు కింద ఎక్కడైనా అడ్డంగా కోసి, అంచులు సమానమయ్యేదాకా కిందికి దించండి. సందులన్నిటి వెనకా పేపరు అతికించండి.
6. కొత్త డాట్ మొనకు ఒకటి, ఒకటింపావు అంగుళం ఇవతలే ఆగాలి. మొన దాకా కుడితే అక్కడ బుడిపె తేలుతుంది.

నడుము, సీటు దగ్గర కూడా అంగుళం పెరిగింది కదా. అక్కడ అవసరం లేకపోతే పక్క కుట్టు వైపు తీసేయండి. ముందు పక్క, డాట్ మూసి కొలిస్తే, వెనక పక్కతో పొడవు సమానంగా ఉండాలి. లేదంటే ఎక్కడో ఒక ముక్క సరిగా జరగలేదు.

చంక రౌండు గురించి ఒక అపోహ ఉంది. చేయి బాగా ఆడాలని చంకను లోతుగా తవ్వుతుంటారు. ఫలితం తిరగబడుతుంది. చంక ఎంత దిగితే చేయి ఎత్తినప్పుడు టాప్ మొత్తం అంత పైకి లేస్తుంది. నిజమైన చంకకు అర నుంచి ఒక అంగుళం కింద రౌండు ఆగితే చాలు.

మాదిరి టాప్

ఇది వదిలేద్దామని అందరికీ అనిపిస్తుంది. వదలకండి. అసలు బట్ట మందానికి దగ్గరగా ఉన్న పాత దుప్పటి చాలు. ముందు భాగం, వెనక భాగం, ఒక్క చేయి కత్తిరించి, మిషన్‌లో ఉన్న పొడవాటి కుట్టుతో (4 లేదా 5 మిల్లీమీటర్లు) కచ్చాగా కలపండి. మెడకు పట్టీ అక్కర్లేదు, మార్జిన్‌ను గాట్లు పెట్టి లోపలికి మడిస్తే చాలు. కుట్టేముందే పెన్నుతో నాలుగు గీతలు గీయండి: ముందు మధ్యన నిలువుగా ఒకటి, వెనక మధ్యన ఒకటి, ఛాతీ ఎత్తులో చుట్టూ అడ్డంగా ఒకటి, సీటు ఎత్తులో ఒకటి. ఒంటి మీద వేశాక అడ్డం గీతలు నేలకు సమాంతరంగా, నిలువు గీతలు నిట్టనిలువుగా ఉండాలి. గీత ఎక్కడ వంగితే తప్పు అక్కడే ఉంది.

"ఎలా ఉంది?" అని అడగొద్దు. పని చెప్పండి. పై అరలోంచి డబ్బా తీయమనండి, జుట్టు ముడి వేసుకోమనండి, కుర్చీలో కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకోమనండి, ఎవర్నైనా కావలించుకోమనండి. ఆ తర్వాత పక్కకు జరిగి అయిదు నిమిషాలు వేరే మాటల్లో పెట్టి వాళ్ల చేతులు గమనించండి. కింది అంచును లాక్కుంటూ ఉంటే సీటు బిగుతు. మెడను వెనక్కి సర్దుకుంటూ ఉంటే భుజం ఏటవాలు తప్పు. చంక దగ్గర గుడ్డ పట్టుకుని కిందికి లాగితే అక్కడ కోస్తోంది.

ముడతలు రెండు రకాలు. బిగుసుకుని సూటిగా లాగిన ముడత చోటు చాలడం లేదని, మెత్తగా మడత పడి వేలాడే ముడత బట్ట ఎక్కువైందని చెబుతుంది. లాగిన ముడత ఎటు చూపిస్తే చోటు అక్కడ పెంచాలి.

పక్క నుంచి రొమ్ము మొన వైపు ఏటవాలుగా లాగితే ఛాతీకి చోటు చాల్లేదు, పైన చెప్పిన పద్ధతి ఇంకో అర అంగుళం చేయాలి. నడుము వెనక అడ్డంగా మడత పడితే తొందరపడి నడుము దగ్గర కత్తిరించకండి. మొదట పక్కల కుట్లు సీటు దగ్గర విప్పి చూడండి. మడత జారిపోతే సీటు బిగుతువల్ల బట్ట పైకెక్కి అక్కడ ఆగిందన్నమాట. విప్పినా మడత అలాగే ఉంటే వెనక నడుము పొడవు ఎక్కువ, దాన్ని గుండుసూదులతో పట్టి పేపరు మీద అంతే తగ్గించండి. మెడ పక్క నుంచి చంక వైపు ఏటవాలు మడతలు పడితే భుజాలు వాలుగా ఉన్నాయని, భుజం చివర పావు నుంచి అర అంగుళం దించాలి. చంక రౌండును కూడా అంతే దించితేనే చేయి సరిపోతుంది, ఈ రెండో ముక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మెడ అంచు ముందు వైపు ఒంటిని వదిలి నోరు తెరిస్తే, ఎంత తెరుచుకుందో గుండుసూదితో పట్టి, ఆ మేరకు మెడ నుంచి మొన వైపు పేపరును మడవండి. మెడ అంచు పొడవు తగ్గుతుంది, ఛాతీ కొలత చెదరదు.

ఒక భుజం కిందికి ఉండటం చాలామందిలో మామూలే. దాన్ని గురించి మాట్లాడకుండా ఆ వైపు పేపరును వేరుగా సరిచేసుకోండి. వేసుకున్నాక మెడ ఒక పక్కకు జారదు, ఎందుకు జారలేదో వాళ్లకు తెలియాల్సిన పనీ లేదు.

కత్తెర

సరిచేసిన పేపరును బట్ట మీద పెట్టేముందు బట్ట అంచు నుంచి పేపరు మీది నిలువు గీతకు పైన ఒకసారి, కింద ఒకసారి కొలవండి. రెండూ ఒకటే రావాలి. బట్ట నిలువు పోగుకు సూటిగా కత్తిరించని ముక్క కుట్టేటప్పుడు బాగానే ఉంటుంది, నాలుగు ఉతుకుల తర్వాత పక్క కుట్టు తిరిగి ముందుకు వచ్చేస్తుంది.

మార్జిన్లు: భుజానికి అర అంగుళం, మెడకు పావు, చంకకు అర, పక్కలకు ఒక అంగుళం, కింద ఒకటిన్నర. పక్కల అంగుళం వదలడం దండగ కాదు. ఒళ్లు మారినప్పుడు నాలుగు అంచుల్లో ఒక్కో చోట అర అంగుళం వదిలినా చుట్టుకొలత 2 అంగుళాలు పెరుగుతుంది.

పెద్ద పువ్వులున్న బట్టయితే పేపరు మీద రొమ్ము మొన దగ్గర రంధ్రం చేసి, అందులోంచి ఏం కనిపిస్తోందో చూడండి. గుండ్రటి పువ్వు సరిగ్గా అక్కడ పడితే చూసేవాళ్ల కళ్లన్నీ అక్కడికే పోతాయి. రెండు మూడు అంగుళాలు అటో ఇటో జరపండి.

కుట్టే వరుస

పల్చటి కాటన్‌కు 11 నంబరు సూది, మధ్యరకానికి 14, మందపాటి దానికి 16. మిగిలిన ముక్కను రెండు పొరలుగా పెట్టి 2.5 మిల్లీమీటర్ల కుట్టుతో ముందు ప్రయత్నించండి. కింది దారం పైకి చుక్కలుగా కనిపిస్తే పైదారం బిగుతు తగ్గించాలి. కుట్లు తప్పుతుంటే మిషన్‌ను అనుమానించే ముందు సూది మార్చండి. ఎనిమిది గంటల పనికి ఒక సూది అనుకుంటే మోసం ఉండదు.

మొట్టమొదట మెడకు అంచు నుంచి ఎనిమిదో వంతు అంగుళం లోపల ఒంటి పొర మీదే ఒక కుట్టు వేయండి, భుజం నుంచి మధ్యకు, మళ్లీ రెండో భుజం నుంచి మధ్యకు. మెడ వంపు క్రాస్‌లో పడుతుంది కాబట్టి చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. ఈ కుట్టు లేని మెడ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా ఒంటికి అంటదు.

తర్వాత డాట్లు. వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, చివరి మూడు నాలుగు కుట్లు దాదాపు మడత అంచు మీదే నడవాలి. చివర వెనక్కి కుట్టకుండా దారాలు నాలుగు అంగుళాలు వదిలి చేత్తో ముడి వేయండి. వెనక్కి కుడితే అక్కడ గట్టిపడి పొడుచుకొస్తుంది. చుట్టిన తువ్వాలు మీద పెట్టి డాట్‌ను కిందికి ఇస్త్రీ చేయండి.

భుజాలు కలిపేటప్పుడు వెనక ముక్క భుజం పొడవుకు సరిపడా సన్నటి, సాగని పట్టీ ఒకటి కుట్టులో కలిపి వేయండి. బట్ట అంచు నుంచి కత్తిరించిన పావు అంగుళం ముక్క చాలు. టాప్ బరువంతా భుజాలే మోస్తాయి.

మెడకు క్రాస్ పట్టీ ఒకటింపావు అంగుళం వెడల్పు, పోగుకు 45 డిగ్రీల కోణంలో. లోతు వంపుల దగ్గర పట్టీని కాస్త లాగి, భుజాల దగ్గర లాగకుండా కుట్టండి. మార్జిన్‌కు అర అంగుళానికొక గాటు. పట్టీని మార్జిన్ మీదికి తిప్పి అంచు పక్కనే ఒక కుట్టు వేస్తే అది బయటికి తొంగి చూడదు. ఆ తర్వాత లోపలికి మడిచి, హెమ్మింగ్ చేత్తో చేస్తే ముందు వైపు గీత కనిపించదు. ఇంతకూ మెడ చుట్టు తల చుట్టు కంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉందని పేపరు మీదే చూసుకున్నారు కదా? తల 22.5 అయితే మెడ 23.5. లోతు తగ్గించాలంటే వెనక చిన్న చీలిక, ఒక బొత్తాం పెట్టండి. జుట్టు చెరగకుండా, లిప్‌స్టిక్ అంటకుండా వేసుకోగలగడం కూడా ఫిట్టింగ్‌లో భాగమే.

చేయి పైవంపు (చేతి ముక్కలో భుజానికి కలిసే గుండ్రటి అంచు) చంక రౌండు కంటే ఒకటి, ఒకటింపావు అంగుళం పొడవుండాలి. అంతకంటే ఎక్కువుంటే కాటన్‌లో ముడతలు పడక తప్పదు. పైవంపు మీద పొడవాటి కుట్టు రెండు వరుసలు వేసి, దారాలు లాగి, ముడతగా కాక వంపుగా మాత్రమే మారేలా సర్దండి. భుజం కుట్టు, పైవంపు మధ్య గుర్తు కలవాలి. కింది సగంలో ఏమీ లాగొద్దు. కచ్చా కుట్టు వేసి ఒకసారి ఒంటి మీద చూశాకే గట్టి కుట్టు. చేయి వెనక్కి తిరిగినట్టుంటే పైవంపును పావు అంగుళం ముందుకు తిప్పి కుట్టండి. భుజాలు ముందుకు వంగినవాళ్లకు ఇది తరచూ అవసరమవుతుంది.

పక్కలు చేతి మూతి నుంచి చంక మీదుగా కింది దాకా ఒకే కుట్టు. చంక కలిసే చోట రెండు అంగుళాల మేర రెండోసారి కుట్టండి, చిరిగేది ఎప్పుడూ అక్కడే. బట్ట పల్చగా ఉంటే, పక్క మార్జిన్‌ను అంగుళం నుంచి అర కంటే కాస్త ఎక్కువకు తగ్గించుకుని, మడత లోపల పోగులు దాగే కుట్టు వేయొచ్చు: మంచి వైపులు బయటికి పెట్టి పావు అంగుళం కుట్టి, మార్జిన్‌ను సగానికి కత్తిరించి, తిప్పి, పావు కంటే కాస్త ఎక్కువ వదిలి మళ్లీ కుట్టడం. లోపలి వైపు కూడా శుభ్రంగా ఉంటుంది గానీ తర్వాత వదలడానికి చోటు మిగలదు. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. ఒళ్లు తరచూ మారేవాళ్లకైతే అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి అంగుళం అలాగే ఉంచడం మేలు.

జేబు అడిగితే సరే, అడగకపోయినా పెట్టండి. నడుముకు మూడు అంగుళాల కింద, నోరు ఆరున్నర అంగుళాలు ఉంటే ఫోను పడుతుంది.

ప్రతి కుట్టుకూ ఇస్త్రీ అప్పటికప్పుడే. ముందు కుట్టినట్టే పరిచి ఒకసారి, తర్వాత మార్జిన్లు విప్పి ఒకసారి. పెట్టెను జరపకుండా ఎత్తి పెట్టాలి, జరిపితే క్రాస్ అంచులు సాగుతాయి. చేయి తిరిగినవాళ్లు కుట్టిన బట్టకూ "ఇంట్లో కుట్టింది" అనిపించే బట్టకూ మధ్య తేడాలో సగం ఇక్కడే ఉంటుంది.

కింద మడత వేసేముందు టాప్‌ను హ్యాంగరుకు ఒక రోజు వేలాడదీయండి. ఘేరు (కింద విప్పారే వెడల్పు) ఉన్నదైతే తప్పనిసరి, క్రాస్ పడిన చోట్ల బట్ట దిగుతుంది. మరునాడు వాళ్లకు వేసి, రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి, నేల నుంచి స్కేలుతో చుట్టూ గుర్తు పెట్టండి. తిన్నటి అంచుకు ఒక అంగుళం మడత, గుండ్రటి అంచుకు పావు నుంచి అర అంగుళం లోపు, అంతకంటే వెడల్పు మడిస్తే వంపులో ముడతలు పడతాయి. పొడవు ఎక్కడ ఆగాలన్నది కూడా ఇప్పుడే తేల్చండి. కింది అంచును గుండుసూదులతో రెండేసి అంగుళాలు పైకీ కిందికీ మార్చి అద్దంలో చూపించండి. కాలు సన్నబడే చోట అంచు ఆగితే ఆ మనిషి నిలువు పొడుగ్గా కనిపిస్తుంది.

పెద్దవాళ్లకు, పిల్లలకు

వయసు పైబడి వీపు వంగినవాళ్లకు వెనక పొడవు చాలదు. టాప్ వెనక పైకి లేచి, ముందు కిందికి వేలాడి, మెడ గొంతును నొక్కుతుంది. వెనక పేపరును భుజాల కింద అడ్డంగా కోసి అర నుంచి ఒక అంగుళం తెరవండి. మెడ వెనక పెరిగిన వెడల్పును చిన్న డాట్‌గా మూయండి. భుజం నొప్పి ఉన్నవాళ్లకు తల మీంచి వేసుకునేది వద్దు, ముందు నిండా తెరుచుకునేది, ముప్పావు అంగుళం బొత్తాలతో కుట్టండి. వేళ్లు పట్టనివాళ్లకు బొత్తాం పైకి కనిపించేలా ఉంచి కింద ప్రెస్ బొత్తాలు పెడితే ఎవరి సాయమూ అడగక్కర్లేదు.

పిల్లలకు పొడవులో పెరుగుదల ఎక్కువ, చుట్టులో తక్కువ. అందుకని చుట్టూ రెండు సైజులు పెద్దగా కుట్టకుండా, ఒంటికి సరిపడా కుట్టి, కింద మూడు అంగుళాల మడతో తర్వాత విప్పుకోగలిగే రెండు అడ్డ టక్కులో (సన్నటి కుట్టు మడతలో) వదలండి. మెడ దగ్గర నాడాలు పెట్టొద్దు, ఆటల్లో ఎక్కడైనా తగులుకుంటే ప్రమాదం. గుచ్చుకునే జరీ, పూసల వెనక మెత్తటి లైనింగ్ లేకపోతే పిల్ల ఆ బట్టను పది నిమిషాల్లో విప్పేస్తుంది, వాళ్లు మాత్రం మొహమాటపడరు.

ఇచ్చేముందు

టాప్‌ను తిరగేసి లోపలి వైపు వేలితో తడుముతూ చుట్టూ వెళ్లండి. దారపు ముడులు, మరిచిపోయిన గుండుసూది, గట్టిపడిన మూల, అన్నీ వేలికే దొరుకుతాయి. ఒక బొత్తాం, అరచేయంత బట్ట ముక్క చిన్న కవరులో పెట్టి ఇవ్వండి. బీరువాలో ఉన్న ఏ ప్యాంటు మీదికి బాగుంటుందో చూసి చెప్పండి, కొత్త టాప్ మొదటిసారి బయటికి వెళ్లేది అప్పుడే.

మూడు నాలుగు ఉతుకుల తర్వాత ఒకసారి అడిగి తీసుకుని చూడండి. చంక కింద కుట్టు పక్కన పోగులు సాగి సన్నటి రంధ్రాలు కనిపిస్తే వీపు బిగుతు, పక్క మార్జిన్ పావు అంగుళం వదలండి. మెడ పట్టీ మెలి తిరిగితే అది సరైన క్రాస్‌లో కత్తిరించలేదు, విప్పి కొత్తది వేయాల్సిందే. ఏ లోపమూ లేకుండా చేతి అంచున, జేబు అంచున వెలిసిపోయి ఉంటే పేపరు కటింగ్‌ను కవరులో పెట్టి పేరు, తేదీ, ఆనాటి కొలతలు రాసి దాచండి. ఆరు నెలలు దాటాక అదే పేపరు తీస్తే ముందు టేపు తీయండి.